మా అన్న విద్య, నేను పడిన పాట్లు

మా అన్న నన్ను మొదటిసారి పడేసినప్పుడు నా చేతిలో బీడీల చాట ఉంది. అప్పటికి నాకు పదహారేళ్ళు. బోధన్‌లో మా ఇంటి వాకిట్లో అవ్వ తునికాకు కత్తిరిస్తూ కూర్చుంది. నేను చాటలో తంబాకు పోసుకుని ఆమె పక్కన కూర్చోబోతున్నాను. వాడు వెనక నుంచి వచ్చి నా మడమకు తన పాదం అడ్డం పెట్టి, భుజం మీద వేలితో నొక్కినట్టు నొక్కాడు. కళ్ళు తెరిచేసరికి నేను నేల మీద ఉన్నాను. తంబాకంతా అవ్వ ఒళ్ళో పడింది. అవ్వకు తుమ్ములు ఆగలేదు.

"గట్లనే ఉండు చెల్లె, లేవకు," అన్నాడు అన్న. చొక్కా జేబులోంచి నోటుపుస్తకం తీసి నేను ఎటు పడ్డానో, ఏ చెయ్యి కిందికి పోయిందో, తల ఎటు తిరిగిందో రాసుకుంటున్నాడు.

"నీకేం పని లేదారా?" అంది అవ్వ తుమ్ముల మధ్య. "ఆడివిల్లను కిందేసి ఏం రాస్తున్నవ్?"

"పడ్డ మనిషి ముందుగాల దేన్ని కాపాడుకుంటడో సూస్తున్న అవ్వా. ఇది సాటను కాపాడుకున్నది. తలకాయను కాపాడుకోలే."

అది నిజమే. చాట నా చేతిలోనే ఉంది, తల మాత్రం గడపకు తగిలింది. బుర్ర మీద బొప్పి నాలుగు రోజులుంది. అది ఎన్ని రోజుల్లో తగ్గిందో కూడా రాసుకున్నాడు.

అన్న నాకన్నా ఏడేళ్ళు పెద్ద. చక్కెర ఫ్యాక్టరీలో సీజన్ వర్కరు. చెరుకు ఆడే నెలల్లో పని ఉంటుంది, ఆ తర్వాత మళ్ళీ చెరుకు వచ్చేదాకా ఖాళీ. ఆ ఖాళీ నెలలే నా ప్రాణం తీశాయి. వేరేవాళ్ళు ఆ నెలల్లో కౌలుకు పొలం పట్టేవాళ్ళు, లేదంటే హాయిగా పడుకునేవాళ్ళు. మా అన్న విద్య తయారు చేసేవాడు. కర్ర పట్టినవాణ్ణి, చెయ్యి పట్టినవాణ్ణి, వెనక నుంచి వచ్చి మెడ పట్టినవాణ్ణి ఎట్లా వదిలించుకోవాలి అన్న విద్య. కరాటే కాదు, కుస్తీ కాదు, కర్రసాము కాదు. మూడూ కొద్దికొద్దిగా తెలిసినవాడు, మూడింటి మీదా అలిగినవాడు తయారు చేసిన నాలుగోది.

చిన్నప్పుడు తాలీంకు పోయి మట్టిలో కుస్తీ పట్టాడు. తర్వాత వారానికి రెండుసార్లు బస్సెక్కి నిజామాబాద్ పోయి ఒక మాస్టరు దగ్గర కరాటే నేర్చుకున్నాడు. నాలుగేళ్ళు పోయాడు. బ్రౌను బెల్టు వచ్చింది, ఇక నల్లది ఒక్కటే మిగిలింది. అప్పుడు ఆ మాస్టరును ఒక ప్రశ్న అడిగాడు.

"సార్, ఒక చేత్తోని గుద్దేటప్పుడు రెండో చెయ్యి నడుం కాడ ఎందుకు పెట్టాలె? మొఖం కాడ పెడితే మొఖమన్న మిగులుతది గద."

"అది గట్లనే ఉంటది, చెయ్యి," అన్నాడట మాస్టరు.

వారం తర్వాత మళ్ళీ అదే అడిగాడు. ఆ పై వారం కూడా అడిగేసరికి ఆయనకు విసుగొచ్చి, "నీకంత తెలిస్తే నువ్వే ఒకటి పెట్టుకోపో," అన్నాడట. ఎవరైనా దాన్ని తిట్టుగా తీసుకుంటారు. మా అన్న ఆశీర్వాదంగా తీసుకున్నాడు. ఆ మాస్టరును నేనెప్పుడూ చూడలేదు కానీ, ఆయన మీద నాకు కోపం మాత్రం ఇప్పటికీ పోలేదు. ఓపికగా ఒక్క జవాబు చెప్పి ఉంటే నా మోచేతులు నున్నగా ఉండేవి.

నేనే ఎందుకు దొరికాననేది అడగాలి మీరు. తాలీంలో తోటివాళ్ళు మొదట్లో ఇద్దరు ముగ్గురు వచ్చారు. రెండు వారాల్లో మానేశారు. దెబ్బలకు జడిసి కాదు, వాళ్ళు దెబ్బలు తిని పెరిగినవాళ్ళే. మా అన్న పడేశాక వదిలిపెట్టడు. ఎక్కడ నొప్పి పుట్టింది, పడే ముందు ఏం అనిపించింది, ఊపిరి బిగబట్టావా వదిలావా అని అరగంట అడుగుతాడు. అది ఎవరూ పడలేరు. నేను ఇంట్లో మనిషిని, ఎక్కడికి పోతాను?

"గా కరాటే చెక్క నేల మీద పుట్టింది చెల్లె," అని నాకు చెప్పేవాడు, ఏదో నేనే అడిగినట్టు. "మన దిక్కు చెక్క నేల యాడున్నది? నల్లరేగడి ఉన్నది, వరి మడి ఉన్నది, చెరుకు కొట్టినంక కొయ్యకాళ్ళు ఉన్నయి. గీడ పడుడు వేరే, లేసుడు వేరే."

కాబట్టి నేను నల్లరేగడిలో పడ్డాను. వానాకాలం వరి మడి గట్టు మీంచి బురదలో పడ్డాను. చెరుకు కొట్టిన చేలో పడమంటే మాత్రం పడనన్నాను, అక్కడ తనే పడ్డాడు. ఆ రోజు వీపు నిండా గీతలతో ఇంటికి వచ్చి, "కొయ్యకాళ్ళల్ల పడొద్దు, గంతే," అని ఒక్క వాక్యం రాసుకున్నాడు. నందిపేట నుంచి మా మేనత్త ఏటా పంపే పసుపులో కూరల్లోకి పోయింది తక్కువ, మా ఇద్దరి ఒంటికి పోయింది ఎక్కువ.

మా బాపు చక్కెర గోదాంలో హమాలీ. ఒకరోజు అన్న ఆయనకు సద్ది ఇవ్వడానికి పోయి, ఇచ్చీ ఇవ్వకముందే పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చాడు.

"చెల్లె, బాపు నడుసుడు ఎప్పుడన్న సూసినవా?"

పుట్టినప్పటి నుంచి చూస్తున్నానన్నాను.

"బస్తా వీపు మీద ఉన్నప్పుడు సూసినవా?"

చూడలేదు. మర్నాడు నన్ను గోదాం దగ్గరికి తీసుకుపోయాడు. లారీకి అడ్డంగా వేసిన పలక మీద నుంచి బాపు క్వింటాలు బస్తా వీపున వేసుకుని ఎక్కుతున్నాడు. పలక జానెడు వెడల్పు, ప్రతి అడుగుకూ ఊగుతోంది. బాపు పాదాలు పైకి లేవడం లేదు. మోకాళ్ళు ఎప్పుడూ కొంచెం వంగే ఉన్నాయి. కాలు ముందుకు జరిగి, పలకను తాకి, అది నిలుస్తుందని తెలిశాకే ఒళ్ళు దాని మీదికి పోతోంది. పైన ఎవరో బస్తా దబ్బున వేస్తే పలక ఎగిరింది. బాపు కదలలేదు. నడుము ఒక్కటే చిన్నగా ఊగి సర్దుకుంది.

అన్నకు ఇక తిండి సయించలేదు. రోజూ గోదాం దగ్గర నిలబడి బాపు కాళ్ళకేసి చూడటం, రాసుకోవడం. మిగతా హమాలీలు నవ్వేవాళ్ళు. వారం ఓర్చుకుని బాపు ఇంట్లో అడిగాడు.

"ఏందిరా, నేను నడుసుడు గూడ నీకు ఆటేనా?"

"నువ్వు నడుస్త లేవు బాపు. నిలవడుకుంటనే ముందటికి పోతున్నవ్. నీకు గది ఎవరు నేర్పిండ్రు?"

"ఎవడు నేర్పుతడు? పడితె బొక్కలిరుగుతయని ఎరుకైతె వస్తది."

ఆ మాటా రాసుకున్నాడు. మర్నాడు బాపు పలక ఎక్కుతూ, తన కాళ్ళు ఎట్లా పోతున్నాయో అని జీవితంలో మొదటిసారి కిందికి చూశాడు. చూడగానే తడబడ్డాడు. బస్తా జారి కింద పడి పగిలింది. ఆయన పడలేదు, అది వేరే సంగతి. సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు విప్పకుండానే అన్నకు చెప్పాడు. "ఇగో, నువ్వు గోదాం దిక్కు కనవడకు. నా నడక నాకిడిసెయ్యి."

ఆ నడకను అన్న తన విద్యకు పునాది చేసుకున్నాడు. తర్వాత నేను నెలల తరబడి సగం బియ్యం బస్తా భుజాన వేసుకుని వాకిట్లో ఆ చివరి నుంచి ఈ చివరికి మోకాళ్ళు వంచి తిరిగాను. వచ్చేపోయేవాళ్ళు అవ్వను అడిగేవాళ్ళు, బిడ్డకు ఏమన్నా మొక్కు ఉందా అని. అవ్వ ఉందనే చెప్పేది. అదే సులువు.

ఒక పొద్దున బస్తా దించి నిలబడ్డాను. అన్న ఎప్పటిలాగే వెనక నుంచి వచ్చి మడమకు పాదం అడ్డం పెట్టి నొక్కాడు. నేను పడలేదు. ఇంకోసారి గట్టిగా నొక్కాడు. నా నడుము దానంతటదే సర్దుకుంది, కాలు జరిగి నిలబడింది. వాడు వెనక్కి జరిగి నన్ను కింది నుంచి పై దాకా చూశాడు. మెచ్చుకుంటాడేమో అనుకున్నాను. పోయి బాపును పిలుచుకొచ్చి, "సూడు బాపు, నీ నడక దీనికి వచ్చింది," అన్నాడు. బాపు నా భుజం మీద చెయ్యి వేసి కిందికి ఒత్తి చూశాడు, కొత్త మంచం కోళ్ళు చూసినట్టు. ఆ రోజు నాకు మంచిగా అనిపించింది. అది దాచుకోవలసిన పని లేదు. అట్లాంటి రోజులు తక్కువ కాబట్టి గుర్తున్నాయి.

అసలు బాధ కింద పడటంలో లేదు. నేర్చుకున్నది నిలవకపోవడంలో ఉంది. సీజన్‌లో అన్న గానుగల దగ్గర పని చేసేవాడు. ఆ మోతలో పక్కవాడితో కూడా మాట్లాడే వీలుండదు. అంటే మా అన్నకు ఐదారు నెలలు ఎవరూ అడ్డు చెప్పకుండా ఆలోచించుకునే వీలు. సీజన్ అయిపోయి ఇంటికి రాగానే, "చెల్లె, మనం చేసేది తప్పు," అనేవాడు. ఆ మాట నేను ఏడెనిమిదేళ్ళు విన్నాను. మొదటి ఏడాది నిలబడే తీర్లు పదకొండు. రెండో ఏడు నాలుగే ఉండాలన్నాడు. మూడో ఏడు, నిలబడటమే తప్పు, ఎప్పుడూ కదులుతుండాలన్నాడు. కర్ర మీది నుంచి వస్తే ఒక ఏడు పక్కకు తప్పుకోవాలి, ఇంకో ఏడు లోపలికి దూరాలి. బెల్టులు వద్దని మెట్లు పెట్టాడు. మూడో మెట్టు నేను మూడుసార్లు ఎక్కాను, ప్రతిసారీ ఎక్కాక మెట్లన్నీ మార్చాడు కాబట్టి. బట్టలు నేనే కుట్టేదాన్ని. తెల్లవి కుట్టాక మట్టి రంగు అన్నాడు, అద్దకం వేయించాక అసలు వేరే బట్టలెందుకు, మనిషి దెబ్బలాటకు బట్టలు మార్చుకుని పోతాడా అన్నాడు. ఆ మాట ముందే తోచి ఉండవచ్చు కదా. ఇక పేరు. ఆ విద్య పేరు ఇక్కడ రాయకపోవడానికి కారణం మరేమీ లేదు, ఏ పేరు రాయాలో నాకు తెలియదు. బోర్డు రాసే పెయింటరు మా ఇంటి మలుపు కనబడగానే సైకిలు తిప్పుకుని పోయేవాడు.

అయినా కొందరు వచ్చారు. ఒక బడి మైదానంలో పొద్దున్నే ఇరవై మంది దాకా నిలబడేవాళ్ళు. అన్న చెప్పడంలో బలం ఉంది. ఎదుటివాడి ఒంట్లో ఎక్కడ బిగుసుకుందో ఒక్క చూపులో కనిపెట్టేవాడు. కానీ వాళ్ళూ ఒక్కొక్కరే తగ్గారు. ఒకతను పోతూ పోతూ నాతో అన్నాడు: "అక్కా, పోయిన నెల కుడి కాలు ముందట పెట్టుమన్నడు. పెట్టిన. ఇప్పుడు గట్ల ఎవడు పెట్టుమన్నడని నన్నే అడుగుతున్నడు. నేనేం చెప్పాలె?" నాకూ తెలియదన్నాను.

ఇట్లా ఉండగా ఒక అదృష్టం నడిచి వచ్చింది. ఇట్లాంటి విద్యలకు గుర్తింపు ఇచ్చే ఒక సంఘం పెద్దమనిషి నిజామాబాద్ వస్తున్నాడని, ఆయన ముందు చేసి చూపిస్తే సర్టిఫికెట్ వస్తుందని, దానితో ఎక్కడైనా నేర్పవచ్చని కబురొచ్చింది. నలభై రోజులు సాధన చేశాం. నేను కర్రతో పైనుంచి కొట్టాలి, అన్న లోపలికి దూరి నా మోచెయ్యి పట్టి కర్ర లాక్కోవాలి. ఆ తర్వాత ఇంకో ఆరు. అన్నీ కలిపి పావుగంట. బస్సులో పోతున్నంతసేపూ చెప్పాను, "అన్నా, ఇయ్యాల ఏం మార్చకు. నీ కాళ్ళు మొక్కుత." మార్చనని మాట ఇచ్చాడు.

మైదానంలో షామియానా, కుర్చీలు, జనం. ముందు వరసలో సంఘం పెద్దమనిషి. వెనక ఒక పక్కన తలపాగా చుట్టుకున్న ముసలి పహిల్వాన్ ఒకాయన, మహారాష్ట్ర వైపు నుంచి ఎవరితోనో వచ్చాడు. నేను కర్ర ఎత్తి కొట్టాను. అన్న లోపలికి దూరాడు, నా మోచెయ్యి పట్టాడు, ఆగిపోయాడు.

నా చెయ్యి గాల్లో ఉంది. వాడు దానికేసి చూస్తున్నాడు.

"అన్నా, మంది సూస్తున్నరు," అన్నాను పళ్ళ మధ్య నుంచి.

"ఆగు. నీ మోచెయ్యి గిట్ల తిరుగుతదని నాకెరుక లేకుండె. మల్ల కొట్టు."

మళ్ళీ కొట్టాను. మళ్ళీ ఆపాడు. ఈసారి పక్క నుంచి పట్టి చూశాడు. "మెల్లగ కొట్టు." మెల్లగా కొట్టాను. "ఇంక మెల్లగ." పెద్దమనిషి ముందు నవ్వాడు, ఇదీ ప్రదర్శనలో భాగమే అనుకుని. తర్వాత గడియారం చూసుకున్నాడు. చాయ్ వచ్చింది, తాగాడు. మేమింకా మొదటి దెబ్బ దగ్గరే ఉన్నాం. జనం లేచి పోవడం మొదలుపెట్టారు. పెద్దమనిషి కూడా లేచి, పక్కనున్న వాళ్ళతో ఏదో చెప్పి వెళ్ళిపోయాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవమానంతోనో కోపంతోనో. కర్ర ఎత్తి ఎత్తి భుజం గుంజుతోంది. చివరకు కుర్చీల్లో ఆ ముసలి పహిల్వాన్ ఒక్కడే మిగిలాడు. ఆయన లేచి దగ్గరికి వచ్చి, నా మోచెయ్యి కింద తన బొటనవేలు పెట్టి చూసి, "పున్హా దాఖవ్," అన్నాడు మరాఠీలో, మళ్ళీ చూపించు అని. అన్న ముఖం వెలిగిపోయింది. ఇద్దరూ ఒకరి భాష ఒకరికి సగమే వచ్చి, నా చెయ్యిని చెరుకుగడలా అటూ ఇటూ తిప్పుతూ ఇంకో అరగంట గడిపారు.

తిరుగు బస్సెక్కాం. బోధన్ దగ్గరికి వస్తుండగా, "సర్టిఫికెట్ పోయింది," అన్నాను.

"పోనియ్యి. గా మోచెయ్యి దొరికింది గద," అన్నాడు.

ఆ మాటకు నేను బస్సులోంచి దూకనందుకు నన్ను నేనే మెచ్చుకోవాలి.

తర్వాత ఏడాదే నా పెళ్ళయింది. మాక్లూర్‌లో అత్తవారిల్లు. మా ఆయనకు సైకిళ్ళు బాగుచేసే షాపు. ఇక నా ఒంటికి విశ్రాంతి అనుకున్నాను. మూడు నెలలు తిరగకుండానే అన్న పొద్దున్నే రెండు బస్సులు మారి దిగాడు, చంకలో నోటుపుస్తకం. చాయ్ తాగి, మా అత్త లోపలికి పోగానే మెల్లగా అడిగాడు.

"చెల్లె, కర్ర మీదికెళ్ళి వస్తే మొదటి ఏడు మనం ఏం చేసేటోళ్ళం? యాదికి లేదు."

"రాసుకున్నవ్ గద."

"పాత పుస్తకాలు నీళ్ళ పొయ్యిల పెట్టిన. అన్ని తప్పులని."

ఏ ఏటి తప్పులు ఆ ఏడు పొయ్యిలో పెట్టి, ఇప్పుడు ఆ తప్పుల్లో ఏదో ఒకటి ఒప్పేమో అని వచ్చాడు. అవన్నీ ఇంకెక్కడా లేవు, నా ఒంట్లోనే ఉన్నాయి. ఏ ఏడు ఏ కాలు ముందు పెట్టామో, ఏది ఎందుకు తీసేశాడో అన్నీ నాకు తెలుసు. కొంగు నడుముకు చెక్కి వాకిట్లో చూపించాను. అంతలో మా అత్త బయటికొచ్చింది. కోడలు గాల్లోకి మోచెయ్యి విసురుతోంది.

"మీ అన్న సీరె పెట్టనొచ్చిండా, తన్నులు నేర్సుకోనొచ్చిండా?" అంది.

ఆ తర్వాత రెండు మూడు నెలలకోసారి వచ్చేవాడు. మా అత్త అలవాటు పడింది. అన్న కనబడగానే కోళ్ళను గంప కింద మూసేది. కొన్నేళ్ళకు మా ఆయన షాపును బోధన్ బస్టాండు దగ్గరికి మార్చుకున్నాడు. నన్నడిగి ఉంటే వద్దనే చెప్పేదాన్ని.

మేం వచ్చేసరికి బడి మైదానంలో నేర్చుకునేవాళ్ళు నలుగురే మిగిలారు. ఫ్యాక్టరీలో పని కూడా తగ్గుతూ వచ్చింది, ఖాళీ నెలలు పెరిగాయి. ఒక వాన రోజు అన్న చెరుకు బండ్లు పోయే రోడ్డు మీద సైకిలు మీంచి జారి పడ్డాడు. రోడ్డు మీద రాలిన చెరుకాకు తడిసి జారుడుగా ఉంది. పడేటప్పుడు చెయ్యి కింద పెట్టాడు. పదిహేనేళ్ళుగా నాకు పెట్టొద్దని చెప్పింది అదే. ఎముక విరిగింది. దవాఖానలో కట్టు కట్టించుకుని పడుకున్నవాడు నన్ను చూసి గోడ వైపు తిరిగాడు.

"చెయ్యే పెట్టిన చెల్లె," అన్నాడు.

అయ్యో అనాల్సింది నేను. "రాసుకున్నవా?" అన్నాను.

రాసుకున్నాడు. ఎడమ చేత్తో.

ఆ నెలల్లోనే మా గల్లీ ఆడవాళ్ళు నన్ను అడిగారు. పొద్దంతా బీడీలు చేసి, సాయంత్రం కార్ఖానాలో అప్పజెప్పి, మర్నాటికి ఆకు తీసుకుని వచ్చే దారిలో తాగినవాళ్ళు అడ్డం నిలబడుతున్నారు, చెయ్యి పట్టుకుంటున్నారు. "అక్కా, మీ అన్న ఏందో నేర్పుతడట గద, గందులకెళ్ళి జర మాకు పనికొచ్చేది చెప్పరాదు," అన్నారు. నేను ఆ రాత్రి బువ్వ వండుతూ లెక్క పెట్టుకున్నాను. పదిహేనేళ్ళలో మా అన్న పెట్టినవీ తీసేసినవీ అన్నిటిలో పనికొచ్చేవి తొమ్మిది తేలాయి. బాపు నడక, పడటం మూడు తీర్లు, లేవడం ఒకటి, చెయ్యి విడిపించుకోవడం రెండు, మోచెయ్యి ఒకటి. తొమ్మిదోది నోరు. గట్టిగా అరవడం. దానికే ఎక్కువ సిగ్గుపడ్డారు.

రోజూ వాళ్ళు కార్ఖానా నుంచి వచ్చాక మా ఇంటి వెనక ఖాళీ జాగాలో మొదలుపెట్టాం. నాలుగో రోజు అన్న మెడకు చెయ్యి వేలాడేసుకుని వచ్చి గోడ దగ్గర కూర్చున్నాడు. నేను చెయ్యి విడిపించుకునే పట్టు చూపిస్తుంటే అడ్డం వచ్చాడు.

"గది నేను తీసేసిన గద."

"నువ్వు తీసేసినవ్. నేను తియ్యలే," అన్నాను.

"నాలుగో ఏటిది అది. తప్పు. ఏడో ఏటి పట్టు సూపెట్టు."

నాకు అప్పటిదాకా ఉన్న కోపమంతా ఒక్కసారి వచ్చింది. ఎదురుగా ఉన్నామె చెయ్యి పట్టుకుని వాడి ముందుకు లాక్కొచ్చాను.

"ఈమె పొద్దుగాల నుంచి ఆకు కత్తిరించి దారం చుట్టింది. చేతి ఏళ్ళు గుంజుకపోయి ఉన్నయి. నీ ఏడో ఏటి పట్టుకు ఏళ్ళల్ల బలం గావాలె. నాలుగో ఏటిది మోచేతితోని అయితది. బాపు నడుసుడు వారమంత నిలవడి సూసినవ్. అవ్వ చేతులు ఎప్పుడన్న సూసినవా అన్నా?"

అన్న ఆమె వేళ్ళను చూశాడు, గోరు పక్కన దారం కోసిన గీతలను. లేచి వెళ్ళిపోయాడు. నాలుగు రోజులు రాలేదు. ఎక్కువ అన్నానా అని నాకు లోపల పీకింది. తర్వాత అవ్వ చెప్పింది, వాడు రోజూ తన పక్కన కూర్చుని బీడీ చుడుతుంటే చేతులకేసి చూస్తున్నాడట. "ఏం సూస్తున్నవ్‌రా, పోయి బువ్వ తిను అంటె ఇనడు," అంది. ఐదో రోజు వచ్చి గోడ దగ్గర కూర్చుని, "నాలుగో ఏటిదే మంచిగున్నది," అన్నాడు. నేనూ సాగదీయలేదు.

ఎవరైనా ఆ విద్యతో ఎవరినైనా కొట్టారా అని అడుగుతుంటారు. నాకు తెలిసి కొట్టలేదు. ఒకామె చెయ్యి విడిపించుకుని అరిచింది, పట్టుకున్నవాడు పరుగెత్తాడు. ఇంకొకామె బస్టాండులో బీడీల మూటతో బస్సు దిగుతుంటే మెట్టు మీంచి కాలు జారింది. మేం నేర్పినట్టే ముడుచుకుని భుజం మీద దొర్లింది. గీత కూడా పడలేదు, మూటా చెదరలేదు. సాయంత్రం ఆమెను ముందు పెట్టుకుని అందరూ వచ్చారు, పండగలా ఉంది. అన్న ఆమెను ఇంకోసారి పడి చూపించమన్నాడు. పడింది.

"పడుడు మంచిగనే ఉన్నది," అన్నాడు. "లేసుడే ఆలస్యమైంది."

"నవ్వొచ్చి జరసేపు గట్లనే పండుకున్న మాస్టర్," అంది ఆమె. "నేను పడి గూడ ఏం కాలేదని."

అన్న అది కూడా రాసుకున్నాడు.

చెయ్యి బాగయ్యాక వాడు తిరిగి నేర్పడానికి సిద్ధమయ్యాడు, నాకు భయం పట్టుకుంది. ఆడవాళ్ళందరి ముందే చెప్పాను. "అన్నా, ఈ తొమ్మిది ఇట్లనే ఉంటయి. నువ్వు ఏడాదికి ఒక్కటే మార్చాలె. గది గూడ ఏడాదంత అందరు చేసినంకనే ఇంకోటి."

"రెండు," అన్నాడు.

"ఒక్కటే."

కూరగాయల బేరంలా కాసేపు సాగింది. చివరకు ఒప్పుకున్నాడు. ఆ ఏడు సీజన్ అంతా ఆలోచించాడు. ఏది తీస్తాడో, నడకను పట్టుకుంటాడో, పడటాన్ని పట్టుకుంటాడో అని నేను ఎదురుచూశాను. సీజన్ అయిపోయింది. వచ్చి అందరినీ వరసలో నిలబెట్టాడు. ఆటకు ముందు మేం రెండు చేతులు జోడించి దండం పెట్టుకునేవాళ్ళం. అది ఇకనుంచి ఒక్క చేత్తో, గుండె మీద పెట్టి చేయాలన్నాడు.

"సీజనంత ఆలోచించి గిదా?" అన్నాను.

"కార్ఖానాకెళ్ళి సీద వస్తరు. ఒక చేతిల సంచి ఉంటది. రెండు చేతులు జోడించాలంటె సంచి మట్టిల పెట్టాలె, ఆకు తడుస్తది," అన్నాడు.

ఏడాదికి ఉన్న ఒక్క మార్పును దీనికి ఖర్చు పెట్టాడని నాకు వారం రోజులు ఒళ్ళు మండింది. ఆడవాళ్ళు మాత్రం సంచులు చంకన పెట్టుకుని, ఒక్క చెయ్యి గుండె మీద పెట్టి నిలబడ్డారు. నేనూ పెట్టాను. ఆ ఏడు అన్న ఇంకేమీ మార్చలేదు, మాట మీద నిలబడ్డాడు, అది ఒప్పుకోవాలి. కాకపోతే వచ్చే ఏడు ఏది మారిస్తే బాగుంటుందని రోజూ సాయంత్రం నన్ను అడగడం మొదలుపెట్టాడు.